గోటికి అందని తేడా

ఆ లైట్ల షాపులో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. గోరు మేస్త్రి అంటే చాలు. కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటి మాత్రం కత్తిరించకుండా, అరిగిన చోట ఆకురాయితో నున్నగా రుద్దుకుంటూ పెంచుకున్నాడు. స్ట్రిప్ లైటు ముక్క చేతిలో పెడితే, ఆ గోరును దాని మీద ఒకసారి నడిపించి, అందులో వెలిగే గింజ, అదే చిప్పు, ఏ రకమో చెప్పేసేవాడు. ముక్క వైపు చూసేవాడు కాదు. చూపు ఎదుటి మనిషి మొహం మీదే ఉండేది.

"ఆ గోరుతో అన్నం ఎలా తింటారో ఏమో," అని భార్య విసుక్కునేది.

"తినేది పళ్ళతో లేవే," అనేవాడు.

షాపులో కౌంటరు దగ్గర నిలబడేది ఆమె తమ్ముడే. మాటకారి. బావను ఆట పట్టించకపోతే వాడికి పొద్దు గడవదు. "బావా, ఆ గోటికి ఇన్సూరెన్సు చేయించు. నువ్వు లేకపోయినా అదుంటే షాపు నడుస్తుంది," అనేవాడు.

"ముందు నీ నాలుకకి చేయించుకోరా. అదే తొందరగా అరిగిపోయేలా ఉంది."

ఆ గోటికి అంత పేరు ఊరికే రాలేదు. ఒకసారి పెద్ద మార్కెట్టు నుంచి స్ట్రిప్ లైటు రీళ్ళ పెట్టె వచ్చింది. లేబుళ్ళ మీద ఒకటి ఉంది, లోపల ఇంకొకటి ఉంది. ఓనరు అద్దాలు సవరించుకుని లేబులు చదువుతుంటే, మేస్త్రి గోటితో తడిమి, "పెట్టె వెనక్కి పంపించండి సార్, ఇవి అవి కావు," అన్నాడు. కొలిచి చూస్తే అదే నిజం. ఆ రోజు నుంచి ఓనరు మాట ఒకటే: కాగితం అబద్ధం చెప్పొచ్చు, మా మేస్త్రి గోరు చెప్పదు. అప్పటి నుంచి మేస్త్రి గోరు తగిలిన రీలును మళ్ళీ తిప్పి చదివినవాళ్ళు లేరు. ఆ షాపులో అదొక అలవాటైపోయింది.

కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు వచ్చి, "పెద్ద నంబరుది ఇవ్వండి, బాగా వెలుగు రావాలి," అంటే బామ్మర్ది వాళ్ళను మేస్త్రి దగ్గరికి పంపేవాడు. మేస్త్రి ఓపిగ్గా చెప్పేవాడు.

"నంబరంటే వెలుగు కాదండీ, చిప్పు కొలత. 3528 అంటే మూడున్నర మిల్లీమీటర్ల పొడవు, మూడుకి కాస్త తక్కువ వెడల్పు. మేం పాత చిన్నది అంటాం. మెత్తటి వెలుగు, వేడి తక్కువ. అలమర లోపల, అద్దం వెనక చక్కగా సరిపోతుంది. 5050 అంటే అయిదుకి అయిదు, చదరం. దాని కడుపులో మూడు దీపాలుంటాయి, రంగులు మార్చుకోవాలంటే అది. ఇక 2835 ఉంది. కొత్త చిన్నది. కొలత చూస్తే పాత చిన్నదానికి కవల పిల్ల. కానీ వెలుగు రెండింతలకి పైమాటే. అంత కరెంటూ లాగుతుంది, అంత వేడీ పుట్టిస్తుంది. దాని వీపుకి వేడి లాగే అల్యూమినియం పట్టీ ఉండాలి, కరెంటు సరిపెట్టే పెద్ద డ్రైవరు డబ్బా ఉండాలి. ఎక్కడ పెడతారో ముందు అది చెప్పండి. చిప్పు సంగతి తర్వాత."

"కవల పిల్లలైతే మీరెలా పోలుస్తారు?" అని అడిగేవాళ్ళు.

"పాతది ఉబ్బుగా ఉంటుంది. కొత్తది బల్లపరుపు. గోటికి తెలిసిపోతుంది," అనేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఒక చిన్న గర్వం కనిపించేది. ఆయనకి జీవితంలో ఉన్న గర్వం అదొక్కటే.

కళ్ళ సంగతి భార్యకి తప్ప ఎవరికీ తెలీదు. రెండేళ్ళ కిందట కుడికంట్లో నల్లటి నలుసు ఈదుతున్నట్టు మొదలైంది. దుమ్మేమో అనుకున్నాడు. ఫాల్స్ సీలింగులో తల దూర్చే పని, దుమ్ముకేం కొదవ. కొన్నాళ్ళకి నలుసు దారమైంది, దారం అల్లుకుని బూజైంది. డాక్టరు కంట్లో లైటు వేసి చూసి, చక్కెర జబ్బు కళ్ళదాకా వచ్చిందన్నాడు. ఎడమ కన్ను ఆయనకి తెలీకుండానే చాలావరకు పోయిందని, కుడికన్ను ఉన్నంతవరకు నిలుపుకోవాలని చెప్పాడు. సూది వేశారు. మళ్ళీ రమ్మన్నారు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని మేస్త్రి భార్యతో అన్నాడు:

"షాపులో తెలిస్తే నిచ్చెన ఎక్కనివ్వరు."

"మా తమ్ముడికైనా చెబుదామండీ."

"వాడికి చెప్పడమూ, మైకులో చెప్పడమూ ఒకటే."

ఆ రోజు నుంచి ఆమె ఆయన కళ్ళయింది. సాయంత్రం ఆయన సంచీ దులిపి, మిగిలిన స్ట్రిప్ ముక్కలన్నీ నేల మీద పరిచి, ఒక్కొక్క నంబరూ చదివేది. పాత చిన్నదానికి ఒక దారం ముడి, చదరానికి రెండు ముళ్ళు, కొత్త చిన్నదానికి మూడు. పొద్దున్నే ఆయన దర్జాగా వెళ్ళేవాడు. షాపులో ఉన్న రీళ్ళకి గోరుంది, సంచీలో ఉన్నవాటికి ముళ్ళున్నాయి. మనుషుల్ని గొంతులతో పోల్చుకునేవాడు. నిచ్చెన మెట్లు మనసులో లెక్కపెట్టుకునేవాడు. పొద్దు వాలితే చూపు బొత్తిగా ఆనేది కాదు కాబట్టి, ఏ పనైనా వెలుతురుండగానే ముగించుకుని ఇంటిదారి పట్టేవాడు. "మేస్త్రికి పెళ్ళాం మీద బెంగ," అని షాపులో నవ్వుకునేవాళ్ళు. ఆయన కూడా నవ్వి ఊరుకునేవాడు.

అలా ఉండగా టైలరమ్మ కబురు చేసింది. వాళ్ళ వీధి మలుపులో ఒకే గది కొట్టు ఆమెది. ముందు మిషను, పక్కన ఇస్త్రీ బల్ల, వెనక గోడ పొడుగునా చెక్క అలమర. కుట్టిన బట్టలన్నీ అందులో తగిలించి ఉంచుతుంది. ఒంటరి మనిషి, నోరు మాత్రం పదిమంది పెట్టు. మేస్త్రిని తమ్ముడూ అంటుంది.

"తమ్ముడూ, ఆ అలమర్లో చెయ్యి పెడితే పాముంటుందో జాకెట్టుంటుందో తెలీడం లేదు. ఒక లైటు పెట్టి పుణ్యం కట్టుకో. ఇస్త్రీ నీళ్ళు చిమ్ముతుంటాను, తడిసినా చెడనిది పెట్టు."

మేస్త్రికి ఆ పని కళ్ళు మూసుకుని చేసేదే. మూతపడే అలమర, చుట్టూ చెక్క, లోపల బట్టలు. పాత చిన్నది అయిదు మీటర్లు, పైన సిలికాన్ జిగురు పూత ఉన్నది. ఇరవై నాలుగు వాట్లు తింటుంది, ఇంట్లో ఉన్న ముప్పై ఆరు వాట్ల డ్రైవరు డబ్బా హాయిగా మోస్తుంది. లెక్కంతా తలలోనే వేసుకుని షాపుకెళ్ళాడు. ఆ రోజు కౌంటరు దగ్గర జనం. బామ్మర్ది ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో బల్బులు. పూత ఉన్న రీళ్ళు రెండు బల్ల మీద పెట్టి, "ఏది కావాలో చూసుకో బావా," అన్నాడు.

మేస్త్రి మొదటి దాని మీద గోరు నడిపించాడు. చిన్న చిప్పు. మీటరుకి అరవై చొప్పున దూరం. "ఇదే," అన్నాడు. రెండోది ముట్టుకోలేదు.

పొద్దు వాలబోతుండగా అలమర్లో పైచెక్క కింద జిగురుతో అతికించి, డబ్బాను వెనక మూలకి మేకుతో బిగించి, స్విచ్చి వేశాడు.

"అమ్మయ్యో!" అంది టైలరమ్మ. "ఎంత వెలుగు తమ్ముడూ! పగటి సూర్యుడొచ్చి కూర్చున్నాడు. సూదిలో దారం ఇక్కడే ఎక్కించుకోవచ్చు."

మేస్త్రి మొహం విప్పారింది. ఆ వెంటనే లోపల ఎక్కడో చురుక్కుమంది. పాత చిన్నది అంత వెలుగివ్వదు. సూర్యుడితో పోల్చేంత వెలుగు అసలే ఇవ్వదు. ఆయన కళ్ళకి ఏ దీపమైనా చుట్టూ పొగమంచు పట్టిన ముద్దే, ఎక్కువో తక్కువో తెలీదు. మామూలుగా అయితే గంటసేపు లైటు వెలగనిచ్చి, డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూసిగానీ కదిలేవాడు కాదు. ఆ రోజు ఎండ అప్పటికే ఎదురుగోడ మీదికి ఎక్కింది, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. పది నిమిషాలాగి చెయ్యి పెట్టాడు. గోరువెచ్చగా ఉంది. కొత్తది కదా, అంతేలే అనుకున్నాడు. మెచ్చుకున్న మాట చెవిలో ఇంకా తియ్యగా ఉంది. సంచీ భుజాన వేసుకున్నాడు.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం అలమర అంటుకుంది.

ముందు ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చిందట. టైలరమ్మ ఇస్త్రీ పెట్టె అనుకుని దాని వైరు పీకేసింది. ఈలోగా అలమర తలుపు సందులోంచి పొగ వచ్చింది. తలుపు తీసింది. గాలి తగలగానే మంట గుప్పుమంది. ఆ మనిషి పారిపోవాలి కదా, పారిపోలేదు. అందరి బట్టలూ అందులోనే ఉన్నాయి. చేతికందినవి లాగి వీధిలోకి విసిరింది. పదిహేనో పదహారో జతలు బయటపడ్డాయి. చివరి జతకి నైలాను అంచు ఉంది. అది కరిగి కుడిచేతి వేళ్ళకి అతుక్కుంది.

మేస్త్రి ఆసుపత్రికి వెళ్ళి తలుపు దగ్గరే నిలబడ్డాడు. కట్టు కట్టిన చెయ్యి తెల్లటి ముద్దలా కనిపించింది. "వచ్చావా తమ్ముడూ," అందామె నీరసంగా. "నా ఖర్మ చూశావా." ఆమెకి ఆయన మీద అనుమానం రాలేదు. అది ఆయన్ని ఇంకా కుంగదీసింది.

మర్నాడు ఓనరే స్వయంగా కొట్టుకి వెళ్ళి, కాలకుండా మిగిలిన స్ట్రిప్ కొస ఒకటి, మాడిపోయిన డ్రైవరు డబ్బా ఒకటి తెచ్చి కౌంటరు మీద పడేశాడు.

"ఇది 2835. అయిదు మీటర్లకి అరవై వాట్లు. దీనికి ముప్పై ఆరు డబ్బా! పట్టీ లేదు, గాలి లేదు. డబ్బా మాడక ఏమవుతుంది? ఎవరిచ్చారిది?"

"నేనే సార్ రీళ్ళు బల్ల మీద పెట్టాను," అన్నాడు బామ్మర్ది. "బావే గోటితో చూసి ఇదే అన్నాడు."

"మీ బావ గోరు పన్నెండేళ్ళలో ఒక్కసారి తప్పిందా? ఆయన చూసి పక్కన పెట్టినది ఒకటి, నువ్వు ఫోను చూసుకుంటూ సంచీలో పెట్టింది ఇంకొకటి. అంతేగా?"

"లేదు సార్. బావా, నువ్వైనా చెప్పు."

మేస్త్రి ఆ మిగిలిన కొసను చేతిలోకి తీసుకున్నాడు. గోరు పెట్టాడు. గోరు సిలికాన్ పూత మీద జర్రున జారింది. అప్పుడర్థమైంది. ఉబ్బూ బల్లపరుపూ పూత కింద మునిగిపోయాయి. పైకి తెలిసేది పొడవూ వెడల్పే, అవి రెండింటికీ ఒకటే. పూత ఉన్న చిన్న చిప్పు విషయంలో ఆయన గోటికి ఏనాడూ ఏమీ తెలీదు. ఇన్నాళ్ళూ, ముక్క వైపు చూడటం లేదనుకున్నా, అద్దంలోంచి కనిపించినట్టు పూతలోంచి ఓరచూపు సాయం చేసింది. చూపు పోయాక కూడా ఆ పని గోరే చేస్తోందనుకున్నాడు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట వెనకే కళ్ళ సంగతి వస్తుంది. కళ్ళ వెనక నిచ్చెన పోతుంది, పని పోతుంది. మేస్త్రి కొసను బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, నేల వైపు చూశాడు.

బామ్మర్ది ఇంకోసారి "బావా" అన్నాడు. ఈసారి గొంతు చిన్నదైపోయింది.

"రేపట్నుంచి రావక్కర్లేదు," అన్నాడు ఓనరు వాడితో.

వాడికి నెలల పిల్ల ఉంది. ఊరంతా తిరిగాడు. తప్పుడు సరుకిచ్చి కొట్టు తగలబెట్టినవాడని మాట ముందే చేరిపోయింది. లైట్ల షాపుల్లో ఎవరూ నిలబడనివ్వలేదు. చివరికి గోడౌనులో మూటలు మోసే పని దొరికింది. అంత నవ్వించే మనిషి అక్కింటికి రావడమే మానేశాడు. ఒకసారి వీధిలో ఎదురైతే వాడు మాట్లాడలేదు, మేస్త్రి గొంతుతో పోల్చుకోలేకపోయాడు. పక్కనుంచి వెళ్ళిన చెప్పుల చప్పుడుని బట్టి ఎవరో తెలిసింది.

ఇంట్లో భార్య మామూలుగానే సాయంత్రం ముక్కలు పరిచేది, నంబర్లు చదివేది, ముళ్ళు వేసేది. మాటలు మాత్రం తగ్గిపోయాయి. ఆమె అడుగుతుందేమోనని ఆయన రోజూ ఎదురుచూశాడు. అడగలేదు. అడగకపోవడం అడగడం కంటే కష్టంగా ఉండేది.

రెండు నెలలు దాటాక ఒక సాయంత్రం రెండు ముక్కలు తెచ్చి ఆయన రెండు అరచేతుల్లో పెట్టింది. పూత ఉన్నవి. ముళ్ళు విప్పేసింది.

"ఇందులో పాతదేదండీ?"

ఆయన గోరు నడిపించాడు. ఒకటి. రెండు. మళ్ళీ ఒకటి.

"నేనూ కళ్ళు మూసుకుని చూశాను," అందామె. "వారం నుంచీ చూస్తున్నాను. నాకు తెలీలేదు. మీకు తెలుస్తుందేమో, మీది పనిచేసిన గోరు కదా, అనుకున్నాను. తెలిస్తే మా తమ్ముడిదే తప్పనుకుని ఊరుకుందామని."

ఆయన ముక్కలు కింద పెట్టాడు.

"తెలీదే," అన్నాడు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

మర్నాడు పొద్దున్నే షాపు తీయకముందే మేస్త్రి మెట్ల మీద కూర్చున్నాడు. ఓనరు రాగానే ఉన్నదున్నట్టు చెప్పాడు. ఓనరు నవ్వాడు.

"బామ్మర్ది కోసం కథ అల్లావా మేస్త్రీ? మీ ఆవిడ పోరు పెడుతోందా? నీ గోటికి తెలీకపోవడం ఏంటయ్యా."

"పూత ఉన్నవి రెండూ తెప్పించండి సార్. లేబులు మీ వైపు పెట్టుకోండి."

కౌంటరులో కొత్తగా చేరినాయన రెండు రీళ్ళు తెచ్చాడు. సరుకు కోసం వచ్చిన ఎలక్ట్రీషియన్లు ఇద్దరు ముగ్గురు తమాషా చూద్దామని దగ్గరికొచ్చారు. మేస్త్రి గోరు పెట్టాడు. "ఇది పాతది," అన్నాడు. "కాదు," అన్నాడు ఓనరు లేబులు చూసి. మళ్ళీ మార్చి పెట్టమన్నాడు. "ఇది కొత్తది," అన్నాడు. వెనక ఎవరో "అయ్యో" అన్నారు. ఇంకోసారి. మూడోసారి ఒప్పయింది. అది ఆయనకి ఇంకా సిగ్గనిపించింది. నాణెం ఎగరేసినా అంతే కదా.

"ఇప్పుడు నా మొహం ముందు వేళ్ళు పెట్టి ఎన్నో అడగండి," అన్నాడు.

ఓనరు అడగలేదు. కుర్చీలో కూలబడ్డాడు. "ఈ కళ్ళతో నా షాపు పేరు మీద ఎన్ని ఇళ్ళల్లో పని చేశావయ్యా?" అన్నాడు. ఆ సాయంత్రం నుంచే ఇద్దరు మనుషులు పాత బిల్లులు పట్టుకుని, మేస్త్రి చేసిన అలమరలన్నీ వెతుక్కుంటూ బయల్దేరారు. పూతవి పెట్టిన రెండు చోట్ల డబ్బాలు అప్పటికే పసుపుపచ్చగా మాడి ఉన్నాయట. విప్పేశారు.

బామ్మర్దిని వెనక్కి పిలవడానికి కుర్చీ ఖాళీ లేదు. వేరే ఖాళీ వచ్చినప్పుడు చూద్దామన్నాడు ఓనరు. ఆ మాట చెబుదామని మేస్త్రి వాడికి ఫోను చేశాడు. అంతా విని వాడు, "ఇప్పుడా?" అన్నాడు. చివర బావా అనలేదు.

ఇంక మిగిలింది టైలరమ్మ. భార్య తోడొస్తానంది. వద్దన్నాడు. గోడ పట్టుకుంటూ వీధి మలుపు దాకా నడిచాడు. కొట్టులో ఇంకా మసి వాసన పోలేదు. ఆమె బల్ల ముందు కూర్చుని ఎడమచేత్తో గుడ్డ మీద సుద్దగీతలు గీస్తోంది. కుడిచేతి వేళ్ళు మానాయి గానీ ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉండిపోయాయి. సూది వాటి మధ్య నిలవదు.

నిలబడే చెప్పాడు. రీలు దగ్గర్నుంచి మొదలుపెట్టి, సూర్యుడన్న మాట దాకా చెప్పాడు.

"అప్పుడే నాకు అనుమానం వచ్చిందక్కా. నువ్వు మెచ్చుకున్నావని ఊరుకున్నాను."

సుద్ద గీత ఆగింది. ఆమె మొహం ఎలా ఉందో ఆయనకి కనిపించలేదు. వీధిలో ఎవరో సైకిలు తోసుకుంటూ వెళ్ళారు.

"రీలు మీద నంబరు రాసి ఉంటుందా?" అంది.

"ఉంటుందక్కా. స్ట్రిప్ మీద కూడా. సన్నగా."

"ఆ రోజు నేను ఇక్కడే ఉన్నాను కదా. నీ పక్కనే, బల్ల పట్టుకుని నిలబడ్డాను. నలభై ఏళ్ళుగా సూదిబెజ్జంలోకి చూసిన కళ్ళు నావి." ఆమె గొంతు పెరగలేదు. "అక్కా, నాకు కనపడటం లేదు, ఈ నంబరేంటో చదివి చెప్పు అంటే, చదివేదాన్ని కాదా?"

మేస్త్రి చెయ్యి గోడ కోసం తడుముకుంది.

"పో," అందామె. "గడప ఎత్తుగా ఉంటుంది. చూసుకుని పో."